పట్టాల కబుర్లు: పల్లకి ఇంజను

పోయిన నెల వేరే ప్రశ్నకు జవాబు చెబుతూ, చివర్లో "మా బి.ఎన్.ఆర్.లో (బెంగాల్ నాగపూర్ రైల్వేలో) పల్లకి ఇంజన్లు ఉండేవి, ఆ కథ ఇంకోసారి" అని రాసి ఊరుకున్నాను. అలా ఊరించి వదిలేయకూడదని ఈ నెల ఉత్తరాల కట్ట చూశాక తెలిసింది. అందుకే మిగతా ప్రశ్నల్ని వచ్చే నెలకు నెట్టి, ఈసారికి వాటి సంగతే చూద్దాం.

ప్రశ్న: మాస్టారూ, మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వేలో, చక్రధర్‌పూర్‌లో ఫైర్‌మన్‌గా, అంటే ఇంజను పొయ్యిలో బొగ్గు వేసే పని, చేశారు. "మా ఇంజనుకి ముందో మూతి, వెనకో మూతి, మధ్యలో ఒకే పొట్ట" అని చెప్పేవారు. పిల్లల్ని నవ్వించడానికి అలా అంటున్నారనుకునేవాళ్లం. మీ వాక్యం చదివాక అనుమానం వచ్చింది. అలాంటిది నిజంగా ఉండేదా? (ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: మీ తాతగారు ఒక్క ముక్క కూడా కల్పించలేదమ్మా. ఆయన చెప్పింది గారట్ ఇంజను గురించి. పల్లకి అన్నది నేను పెట్టుకున్న ముద్దుపేరు. షెడ్డులో అందరూ గారట్ అనే అనేవారు.

మామూలు ఆవిరి ఇంజనులో బాయిలర్ చక్రాల నెత్తిన కూర్చుంటుంది. బాయిలర్‌ని లావు చేద్దామంటే కింద చక్రాలు అడ్డం. పొయ్యిని, అంటే ఫైర్‌బాక్స్‌ని, వెడల్పు చేద్దామన్నా అదే చిక్కు. పోనీ ఎత్తు పెంచుదామంటే పైన సొరంగాలూ వంతెనలూ ఒప్పుకోవు. గారట్‌లో బాయిలర్ కింద చక్రాలే ఉండవు. ముందు ఒక చక్రాల బండి, వెనక ఒక చక్రాల బండి, ఆవిరి తోపుతో చక్రాల్ని తిప్పే సిలిండర్లు వేటివి వాటికే. రెండింటి మధ్య ఒక ఉక్కు ఫ్రేము. ఆ ఫ్రేములో బాయిలరూ, డ్రైవరు నిలబడే క్యాబూ ఉంటాయి. ముందు బోయీలు, వెనక బోయీలు, మధ్యలో పెళ్లికూతురు. ముందు బండి మీద నీళ్ల ట్యాంకు, వెనక బండి మీద బొగ్గూ ఇంకొన్ని నీళ్లూ. దూరం నుంచి చూసేవాళ్లకి రెండు చివర్లా ట్యాంకులు మూతుల్లా పొడుచుకొచ్చి కనిపిస్తాయి. ఇక తాతగారి "ఒకే పొట్ట" ఆ బాయిలర్.

ఇది మలుపులో ఎలా తిరుగుతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు చెప్పుల్ని ఒకదాని వెనక ఒకటి, జానెడు ఎడంతో పెట్టండి. ఒక స్కేలు తీసుకుని ఒక కొస ముందు చెప్పు మీద, రెండో కొస వెనక చెప్పు మీద ఆనించండి. ఇప్పుడు నేల మీద సుద్దతో ఒక వంపు గీసి, రెండు చెప్పుల్నీ ఆ గీత మీదకి తిప్పండి. స్కేలు వంగదు కదా, అందుకని దాని నడుము గీత దాటి వంపు లోపలివైపుకి జరుగుతుంది. గారట్ బాయిలర్ చేసేది ఇదే. మలుపులో బండి బయటికి తూలబోతుంటే, ఆ బరువైన పొట్ట లోపలికి ఒరిగి ఆపుతుంది. చెప్పులతో ఇది చేసి చూపించినందుకు మా ఇంట్లో నాకు అక్షింతలు పడ్డాయి, మీరు పాత చెప్పులు తీసుకోండి.

ఈ ఆలోచన హెర్బర్ట్ విలియం గారట్ అనే ఇంగ్లీషు ఇంజనీరుది. దేశదేశాల రైల్వేల్లో తిరిగిన మనిషి. పెద్ద ఫిరంగుల్ని మోసే రైలు బండ్లను తనిఖీ చేస్తుండగా ఇది తట్టిందంటారు. ఫిరంగి ఉన్న చోట బాయిలర్ పెడితే ఎలా ఉంటుందనుకున్నాడన్నమాట. 1907లో పేటెంటుకి పెట్టాడు. మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ కంపెనీ తయారీకి ఒప్పుకుంది. మొట్టమొదటి గారట్ 1909లో తయారై ఎక్కడికి వెళ్లిందో తెలుసా? ఆస్ట్రేలియా కింద ఉన్న టాస్మానియా దీవికి. రెండడుగుల గేజి (అంటే రెండు పట్టాల మధ్య ఎడం) మీద గనుల సరుకు మోసే లైనుకి, కె1, కె2 అని రెండు. వాటిలో నాలుగు సిలిండర్లూ లోపలివైపుకి, ఒకదానికొకటి ఎదురుగా పెట్టారు. దాంతో వెనక బండి సిలిండర్లు సరిగ్గా క్యాబ్ కిందికి వచ్చాయి. నిప్పు ఎదురుగా ఉంటేనే మనిషి ఉడికిపోతాడు, ఇక కాళ్ల కింద కూడా ఆవిరి సెగ తగిలితే చెప్పాలా! తర్వాత సిలిండర్లని బయటి కొసలకి జరపడమే మామూలైంది. ఏ ఇంజనీరూ చెప్పక్కర్లేదు, ఆ క్యాబ్‌లో ఒక్క షిఫ్టు చేసిన ఫైర్‌మన్‌ని అడిగితే చాలు.

గారట్ 1913లో, యాభై ఏళ్లు నిండకుండానే పోయాడు. తన పేరుతో మీ తాతగారి లైనులో కొండంత ఇంజన్లు తిరుగుతాయని ఆయనకి తెలియదు.

ఇప్పుడు మన బి.ఎన్.ఆర్. సంగతి. చక్రధర్‌పూర్ దాటి ఝార్సుగూడ వైపు వెళ్తుంటే సరండా అడవి కొండలు, సొరంగం. ఆ ఎక్కుడు మీద బొగ్గు బండి లాగాలంటే ముందొక ఇంజను చాలక, ఇంకో ఇంజను తగిలించేవారు. ఇంజను ఇంకొకటైతే డ్రైవరు ఇంకొకడు, ఫైర్‌మన్లు ఇంకో ఇద్దరు. ఆ ఖర్చు తగ్గుతుందేమో చూద్దామని బేయర్ పీకాక్ నుంచి 1925లో తయారైన రెండు గారట్లు తెప్పించారు. రెండే రెండు. వాటిని హెచ్.ఎస్.జి. క్లాసు అన్నారు. అందులో హెచ్.ఎస్. అన్నది అప్పటికే షెడ్లలో ఉన్న ఎనిమిది పెద్ద చక్రాల గూడ్సు ఇంజను పేరు, జి అంటే గారట్. చక్రాల లెక్కలో చూస్తే హెచ్.ఎస్. లాంటివి రెండు, వీపుకి వీపు ఆనించినట్టు ఉంటుంది. చూశారా, పేరులోనే షెడ్డువాళ్లకి "భయపడకండి, మీకు తెలిసినవాడే" అని చెప్పినట్టుంది.

ప్రయోగం నెగ్గిందా లేదా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. రిపోర్టులు నేను నమ్మను. ముప్పై ఎనిమిదేళ్లు ఉద్యోగం చేశాను, రిపోర్టులు రాసిన పాపం నాకూ ఉంది. నేను చూసేది ఒక్కటే: రెండో ఆర్డరు వెళ్లిందా? బి.ఎన్.ఆర్. విషయంలో వెళ్లింది. 1929లో ఎన్ క్లాసు 16, ఆ తర్వాత ఎన్.ఎమ్. క్లాసు 10, 1939లో పి క్లాసు 4. ఎన్ క్లాసు బరువు 230 టన్నుల పైమాటే. హెచ్.ఎస్.జి.కి కొసల్లో ఒక్కో జత చిన్న చక్రాలుంటే, దీనికి రెండేసి జతలు. బొగ్గు మండే గ్రేటు వైశాల్యం దాదాపు 70 చదరపు అడుగులు. ఏడడుగుల వెడల్పు, పదడుగుల పొడవున్న గది నేలంతా నిప్పు పరిచినట్టు ఊహించుకోండి. నేను పార పట్టిన డబ్ల్యూ.జి. గూడ్సు ఇంజను గ్రేటు 45 చదరపు అడుగులు. దానికే మొదటి నెలంతా రాత్రి ఇంటికొచ్చి అన్నం ముద్ద నోటి దాకా ఎత్తడానికి చెయ్యి వణికేది.

మీ తాతగారి ఫోటో ఏదైనా ఉంటే అందులో ఆయన కుడి భుజం ఎడమదాని కంటే కిందికి ఉందేమో చూడండి. మా వాళ్లలో చాలామందికి అలాగే ఉండేది.

ప్రశ్న: డార్జిలింగ్ బొమ్మ రైలుకి కూడా ఒక గారట్ తెప్పించారని విన్నాను. కొండ లైనుకి అంత బాగా సరిపోయే ఇంజనయితే, అక్కడ ఒక్కటే ఎందుకుంది? (ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: మంచి ప్రశ్న బాబూ. నిజానికి మన దేశంలో అడుగుపెట్టిన మొదటి గారట్ అదే. 1911, డి క్లాసు. టాస్మానియా జంట తర్వాత తయారైంది. డార్జిలింగ్ లైను 1881లో పూర్తయింది, గేజి రెండడుగులు. ఘూమ్ స్టేషను 7,407 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడి దాకా లూపులు తిరుగుతూ, కొన్నిచోట్ల ముందుకీ వెనక్కీ జిగ్‌జాగ్‌గా ఎక్కుతూ పోవాలి. దాన్ని లాగేవి నాలుగు చక్రాల బుల్లి ఇంజన్లు, బి క్లాసు, 1889 నుంచి. ఒక్కో బి క్లాసు లాగేది కొన్ని చిన్న పెట్టెలే. రెండు బుల్లి ఇంజన్ల పనిని ఒక్క గారట్ చేస్తే బాగుణ్ణని ఆశ.

నా కొలత మళ్లీ అదే. రెండో ఆర్డరు వెళ్లలేదు. ఒక్కటే వచ్చింది, ఒక్కటే ఉండిపోయింది. బి క్లాసు మాత్రం ఆ తర్వాత కూడా కొంటూనే వచ్చారు, ఇవాళ్టికీ అక్కడ పొగ వదులుతున్నవి అవే.

ఎందుకు? ఇక్కడ షెడ్డు మనిషిగా నా అభిప్రాయం చెబుతాను, కావాలంటే వాదించండి. మా షెడ్డులో, పేరు వద్దులెండి, నలభై ఇంజన్ల మధ్య ఒకే ఒక్క వేరే రకం ఇంజను ఉండేది. మంచి ఇంజనే. ఒకసారి దాని ఇంజెక్టర్‌లో కోను అరిగిపోయింది. ఇంజెక్టరంటే బాయిలర్‌లోకి నీళ్లు ఎక్కించేది, ఆ కోను మన బొటనవేలంత ఉంటుంది. మిగతా నలభైకీ సరిపోయే కోన్లు స్టోర్సులో గంపెడున్నాయి, దీనికి మాత్రం లేదు. ఇండెంటు పెట్టాం. మూడు వారాలకి పార్సిల్ వచ్చింది, విప్పితే నూలు వాసి తేడా. మళ్లీ ఇండెంటు. చివరికి మా ఫిట్టరు ఒకాయన ఇత్తడి కడ్డీ నుంచి లేతు మీద తనే తిప్పి చేశాడు. ఆ రెండు నెలలూ ఇంజను మూల సైడింగులో పడి ఉంది. దాని పొగగొట్టంలో గోరింక గూడు కట్టింది. ఇంజను చెడ్డదని ఎవరూ అనలేదు, కానీ దాన్ని డ్యూటీకి రాయడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాలేదు.

డార్జిలింగ్ లైను వర్క్‌షాపు తిండారియాలో ఉంది. వాళ్ల చేతులన్నీ బి క్లాసుకి అలవాటు పడినవి. డ్రైవర్లు, ముందు బఫరు మీద కూర్చుని పట్టాల మీద చేత్తో ఇసక చల్లే మనుషులు, బొగ్గు కొట్టేవాళ్లు, అందరిదీ అదే అలవాటు. గారట్‌కి అదనంగా ఇంకో తలనొప్పి ఉంది. బాయిలర్ మధ్యలో, సిలిండర్లు కదిలే బండ్ల మీద. అంటే ఆవిరి గొట్టం కూడా వంపు దగ్గర వంగాలి. దానికి బంతి గిన్నెలో తిరిగినట్టు తిరిగే బాల్ జాయింట్లు పెడతారు. లూపు మీద లూపు ఉన్న లైనులో అవి ఎన్నిసార్లు అటూ ఇటూ తిరుగుతాయో ఆలోచించండి. ఆవిరి కారకుండా వాటిలో కూరే ప్యాకింగ్ అరిగితే ఆవిరి బుస్సుమంటుంది. ఇంకొకటి, గారట్‌లో నీళ్లూ బొగ్గూ లాగే చక్రాల మీదే ఉంటాయి. బయల్దేరేటప్పుడు అది వరం. పైకి వెళ్తున్నకొద్దీ నీళ్లు అయిపోతాయి, చక్రాల మీద బరువు తగ్గుతుంది, పట్టు తగ్గుతుంది. ఎక్కుడు మీద పట్టు తగ్గితే చక్రాలు నిలబడ్డ చోటే గిర్రున తిరుగుతాయి.

బి.ఎన్.ఆర్.కీ ఇవే తిప్పలు. కానీ అక్కడ మొదట రెండు, తర్వాత ముప్పై. ముప్పై ఉంటే ఆ బాల్ జాయింట్ తెలిసిన ఫిట్టర్లు పదిమంది తయారవుతారు, స్టోర్సులో వాటికో అర పడుతుంది. అర ఉన్న ఇంజను బతుకుతుంది.

ప్రశ్న: గారట్‌కి ఏది ముందు, ఏది వెనక? టర్న్‌టేబుల్ మీద తిప్పేవారా? (పాఠకుడు, తెనాలి)

జవాబు: పొగగొట్టం ఉన్నవైపు ముందు. కానీ ఎటువైపైనా ఒకేలా పరిగెత్తుతుంది, తిప్పాల్సిన అవసరం దాదాపు ఉండదు. అయినా అంత పొడవు ఇంజనుకి టర్న్‌టేబుల్ కట్టేకంటే ఇంకో ఇంజను కొనుక్కోవచ్చు.

ప్రశ్న: మాలెట్ అనే ఇంజను కూడా ఇలాగే రెండు ముక్కలుగా ఉంటుందని చదివాను. ఏది మెరుగు? (పాఠకుడు, గుంతకల్లు)

జవాబు: మాలెట్‌లోనూ చక్రాలు రెండు గుంపులే, కానీ బాయిలర్ పాత పద్ధతిలో వాటి నెత్తినే ఉంటుంది. వెనక గుంపు కదలదు, ముందు గుంపు మాత్రం పక్కలకి తిరుగుతుంది. అమెరికాలో బాగా నడిచింది. మన దగ్గర ఈ రెండింటికీ పోటీ పెట్టినవాళ్లు నార్త్ వెస్టర్న్ రైల్వేవాళ్లు, ఇప్పుడు అది పాకిస్తాన్‌లో ఉంది. 1920లలో అమెరికాలోని బాల్డ్విన్ నుంచి ఒక మాలెట్, బేయర్ పీకాక్ నుంచి ఒక గారట్ తెప్పించారు. ఒకటీ ఒకటే. రెండింటిలో దేనికీ తమ్ముడు పుట్టలేదు. దక్షిణాఫ్రికాలోనూ 1921 ప్రాంతంలో ఇలాంటి పోటీ జరిగింది, అక్కడ గారట్ గెలిచింది. ఆ తర్వాత ఆఫ్రికా దాని పుట్టిల్లయిపోయింది. కెన్యాలో 59 క్లాసు గారట్లకి పర్వతాల పేర్లు పెట్టారు.

మన బొగ్గుకి మాత్రం గారట్ పొయ్యే నయమని నా అభిప్రాయం. మన బొగ్గులో బూడిద ఎక్కువ. కరిగి ముద్దకట్టి క్లింకర్ అవుతుంది. ఇరుకు పొయ్యిలో అది గాలికి అడ్డం పడితే అంతే సంగతులు. వెడల్పు పొయ్యిలో నిప్పుని పలుచగా పరిచి, కొంచెం కొంచెం, తరచుగా వేసుకుంటూ పోవచ్చు.

ప్రశ్న: ఇవన్నీ ఇంగ్లండు నుంచే ఎందుకు తెచ్చుకున్నాం? మనవాళ్లకి చేతకాకనా? (రిటైర్డ్ టీచర్, శ్రీకాకుళం)

జవాబు: చేతకాక కాదు సార్. అజ్మీర్ వర్క్‌షాపులో 1895లోనే ఎఫ్-734 అనే మీటర్ గేజి ఇంజను తయారు చేశారు. అది ఇప్పుడు ఢిల్లీ మ్యూజియంలో ఉంది. 1899 నుంచి జమాల్‌పూర్‌లో కూడా చేశారు. చేతులున్నాయి, ఆర్డర్లే లేవు. ఈ గారట్లు తిరిగిన బి.ఎన్.ఆర్. లైను పక్కనే, టాటానగర్‌లో, 1920ల మొదట్లో పెనిన్సులర్ లోకోమోటివ్ కంపెనీ అని ఇంజన్ల కోసమే ఒక ఫ్యాక్టరీ పెట్టారు. ఆర్డర్లు ఇంగ్లండుకే పోతుంటే అది నిలబడలేకపోయింది. మాంచెస్టర్ నుంచి ఓడలో వచ్చిన గారట్లు ఆ ఫ్యాక్టరీ ముందు నుంచే పోయి ఉండాలి. ఆ స్థలంలోనే 1945లో టాటాల టెల్కో వచ్చింది, అదీ మొదట చేసింది రైలింజన్లే. ఇక చిత్తరంజన్ ఇంజన్ల ఫ్యాక్టరీలో మనం సొంతంగా మొదలుపెట్టింది 1950లో.

ప్రశ్న: కాటన్ దొర మద్రాసులో మొదటి రైలు నడిపారంటారు. నిజమేనా? (పాఠకుడు, ధవళేశ్వరం)

జవాబు: ధవళేశ్వరం నుంచి ఆ ప్రశ్న రాకపోతే ఆశ్చర్యపోయేవాణ్ణి. 1837లో మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ లైను ఆయన వేయించిందే. జనం ఎక్కే రైలు కాదు, రోడ్లకి రాయి మోసే లైను. అక్కడ రోటరీ రకం ఆవిరి ఇంజను కూడా పరీక్షించారు. తర్వాత మీ ఆనకట్టకి రాయి మోయడానికి కూడా పట్టాలు వేశారు. ఇంత చేసిన మనిషి, దేశానికి రైళ్ల కంటే కాలవలే మేలని చివరిదాకా వాదించాడు. రైల్వే పింఛను తినే నేను ఆ వాదన గురించి ఇంకేమీ మాట్లాడను.

ప్రశ్న: అయ్యా, విదేశాల నుంచి తెచ్చిన ఇంజన్లను మన ప్రజల మీద ప్రయోగాలు చేయడం దారుణం కాదా? బీహార్‌లో ఎప్పుడో పెద్ద ప్రమాదం జరిగిందని విన్నాను. (పాఠకుడు, వరంగల్)

జవాబు: మీ కోపం అర్థమైంది, కానీ దాన్ని కొంచెం పక్కకి తిప్పమంటాను. మీరు విన్నది బిహ్టా ప్రమాదం. 1937 జులై 17, పట్నా దగ్గర, కలకత్తా వైపు వస్తున్న ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. వందమందికి పైగా పోయారు. లాగుతున్నది ఎక్స్.బి. క్లాసు ఇంజను.

ఎక్స్.ఎ., ఎక్స్.బి., ఎక్స్.సి. అని మూడు రకాల ప్యాసింజరు ఇంజన్లు 1920ల మధ్యలో వచ్చాయి. తక్కువరకం బొగ్గుతో నడిచేలా వెడల్పు పొయ్యి పెట్టారు, ఆలోచన మంచిదే. కానీ గారట్ లాగా రెండు తెప్పించి, కొన్నేళ్లు తిప్పి, చూసి కొన్నవి కావు. కాగితం మీద బాగున్నాయని ఒకేసారి ఆర్డర్లు పెట్టేశారు. మొత్తం మీద దాదాపు 280 వచ్చాయి, మన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేకి కూడా. వేగం అందుకుంటే ముక్కు అటూ ఇటూ ఊగేది. ఊగినప్పుడల్లా పట్టాన్ని పక్కకి తోస్తుంది, తోసిన చోట పట్టా వంకరపోతుంది, ఆ వంకర మీద తర్వాతి ఇంజను ఇంకా ఊగుతుంది. తప్పు ఇంజనుదా పట్టాలదా అని చాలా వాదన నడిచింది. లైను కాపలా కాసే గ్యాంగ్‌మన్‌ని అడిగితే మొదటి నెలలోనే చెప్పేవాడు.

బిహ్టా తర్వాత ఇంగ్లండు, ఫ్రాన్సుల నుంచి నిపుణులను పిలిచి కమిటీ వేశారు. ఇంగ్లండులో పేరున్న ఇంజను డిజైనరు స్టానియర్ అందులో ఒకరు. ఆ కమిటీ ఇంజన్లను నడిపించి, ఊగడాన్ని కొలిచి, ఇంజను ముందుండే చిన్న చక్రాల బండికీ వెనకవైపుకీ మార్పులు చెప్పింది. అదే 1937లో రెండే రెండు ఎక్స్.పి. క్లాసు ఇంజన్లు ప్రయోగం కోసం వచ్చాయి. వాటి నుంచి పుట్టిందే మీరూ నేనూ చిన్నప్పుడు ప్లాట్‌ఫారం మీద నోరెళ్లబెట్టి చూసిన డబ్ల్యూ.పి., తుపాకీ గుండు లాంటి ముక్కు మీద వెండి నక్షత్రం ఉండేదే.

అందుకని నా మాట ఇదీ. రెండు ఇంజన్లతో ప్రయోగం చేసినవాళ్ల మీద నాకు కోపం లేదు. ప్రయోగం మానేసి రెండొందల ఎనభై కొన్నవాళ్ల మీద ఉంది.

ప్రశ్న: ఇప్పుడు గారట్‌ని ఎక్కడైనా చూడొచ్చా? మా బాబుకి రైళ్లంటే పిచ్చి. (పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: ఢిల్లీ చాణక్యపురిలోని నేషనల్ రైల్ మ్యూజియంలో ఎన్ క్లాసు ఒకటి ఉందమ్మా. ఇంకా దూరం వెళ్లగలిగితే, ఆ మొట్టమొదటి కె1 కూడా బతికే ఉంది. 1947లో టాస్మానియా నుంచి తిరిగి ఇంగ్లండు చేరింది, ఆ తర్వాత వేల్స్‌లోని వెల్ష్ హైలాండ్ రైల్వే మీద మళ్లీ నడిచింది.

నేను 1967లో, ట్రైనింగుకి పంపినప్పుడు, ఒక యార్డు చివర చల్లారిపోయిన గారట్‌ని మొదటిసారి చూశాను. అప్పటికి దానికి రోజులు దగ్గరపడ్డాయి. మాతో ఉన్న ముసలి ఫైర్‌మన్ దాని ట్యాంకు మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు, గేదెని తట్టినట్టు. ఏమీ అనలేదు. ఆ తర్వాత మళ్లీ చూసింది ఢిల్లీలోనే, రిటైరయ్యాక, మనవడితో. పొడవెంతుందో అడుగులతో కొలుద్దామని వాడు మొదలుపెట్టాడు. క్రికెట్ పిచ్ పొడవు దాటినా ఇంజను అవ్వలేదు, వాడికి లెక్క తప్పింది.

మీ బాబుని తీసుకెళ్తే రెండు కొసల దగ్గర ఫోటోలు తీసి వచ్చేయకండి, అందరూ చేసేది అదే. నడుము దగ్గరికి తీసుకెళ్లి, వంగి, బాయిలర్ కిందికి చూడమనండి. అవతలివైపు గడ్డి కనిపిస్తుంది. అంత బరువైన ఇంజను పొట్ట కింద చక్రం ఒక్కటీ ఉండదు.